చేయని నేరానికి క్షమాభిక్ష

మనం కాపురముంటున్న ఈ ఇంగ్లండులో 1907 వరకు ఒక విచిత్రమైన పరిస్థితి ఉండేది. ఆస్తి తగాదాలో ఓడినవాడు పై కోర్టుకు వెళ్ళవచ్చు. ఉరిశిక్ష పడినవాడికి మాత్రం, జూరీ పొరపడిందని మొరపెట్టుకోవడానికి పై కోర్టే లేదు. చట్టం విషయంలో సందేహం వస్తే జడ్జీయే పైవారిని అడగాలి. లేదా హోం మంత్రికి అర్జీ పెట్టుకోవాలి.

అడాల్ఫ్ బెక్ అనే నార్వే దేశస్థుడి ఉదంతం ఈ స్థితిని మార్చింది. స్త్రీలను నమ్మించి నగలు కాజేశాడని 1896లో అతనికి ఏడేళ్ళ కఠిన శిక్ష వేశారు. 1877లో ఇలాంటి నేరానికే జైలుకు వెళ్ళిన జాన్ స్మిత్ ఇతనేనని పోలీసుల నమ్మకం. ఇద్దరి దేహచిహ్నాలూ కలవవని 1898లో హోం శాఖకు తెలిసింది. ఖైదీ నంబరు మార్చారు; ఖైదు మాత్రం తప్పలేదు.

విడుదలయ్యాక, 1904లో మళ్ళీ అదే అభియోగం, అదే తీర్పు. ఈసారి జడ్జీకి అనుమానం కలిగి శిక్ష వాయిదా వేశాడు. బెక్ జైల్లో ఉండగానే అసలు దొంగ పట్టుబడ్డాడు. బెక్‌కు ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టి, 5,000 పౌన్ల పరిహారం ఇచ్చింది. చేయని నేరానికి క్షమాభిక్ష!

ప్రజల్లో అలజడి రేగింది. విచారణ సంఘం కూర్చుంది. 1907లో చట్టమై, 1908లో క్రిమినల్ అప్పీలు కోర్టు పని ప్రారంభించింది. 1966లో ఆ బాధ్యత అప్పీలు కోర్టులోని క్రిమినల్ విభాగానికి మారింది. అక్కడా ఓడినవారి కేసులు తిరగతోడడానికి 1997 నుంచి ఒక స్వతంత్ర కమిషన్ పనిచేస్తోంది.

కోర్టు కూడా పొరపడవచ్చునని ఒప్పుకోవడానికి ఒక నిరపరాధి ఇన్నేళ్ళు జైల్లో మగ్గవలసి వచ్చింది.