శుక్లాల శస్త్రచికిత్స తరువాత స్టెరాయిడ్ చికిత్స

శుక్లం పట్టిన కటకాన్ని తొలగించి కృత్రిమ కటకాన్ని అమర్చిన తరువాత కంటిలో ఎరుపు, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం వంటి లక్షణాలు కలుగుతాయి. దీనిని శోథ అంటారు. దీనిని అణచడానికి కొన్ని వారాల పాటు స్టెరాయిడ్ చుక్కల మందు వాడతారు. శస్త్రచికిత్స కొద్ది నిమిషాలలో ముగిసినా, దాని ఫలితం చాలావరకు ఈ వారాల మీద ఆధారపడి ఉంటుంది.

శోథకు కారణం

శోథ సూక్ష్మజీవుల వలన మాత్రమే కలిగేది కాదు. ఎంత నేర్పుగా చేసినా శస్త్రచికిత్స కంటికి ఒక గాయమే. గాయపడిన కణాల పొరల నుండి ఫాస్ఫోలైపేజ్ ఎ2 అనే ఎంజైము అరాకిడోనిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. దాని నుండి ప్రోస్టాగ్లాండిన్లు, ల్యూకోట్రయీన్లు తయారవుతాయి. వీటి ప్రభావంతో రక్తనాళాల గోడలు సడలి, స్వచ్ఛమైన నేత్రోదకంలోకి ప్రోటీన్లు, తెల్ల రక్తకణాలు చేరతాయి. స్లిట్ ల్యాంపు కాంతిలో ఈ కణాలు, చీకటి గదిలో కిటికీ సందు నుండి పడే ఎండలో తేలే దుమ్ము రేణువుల వలె కనిపిస్తాయి.

శోథ అదుపు కాకపోతే నల్లగుడ్డు (ఐరిస్) కటకానికి అతుక్కోవచ్చు. నేత్రపటలంలోని పచ్చచుక్క వద్ద నీరు చేరి చూపు మసకబారవచ్చు. 1953లో ఇర్విన్ వర్ణించిన ఈ రెండవ స్థితి ఎక్కువగా 4 నుండి 6 వారాలకు బయటపడుతుంది. అందువలన కన్ను తెల్లబడగానే మందు మానివేయడం సరికాదు.

మందులు

ఇవి అధివృక్క గ్రంథి స్రవించే కార్టిసాల్‌ను పోలిన మందులు. కండలు పెంచడానికి కొందరు వాడే స్టెరాయిడ్లు వేరు. పేరు ఒకటే కావడంతో రోగులు అనవసరంగా భయపడుతుంటారు. ఈ తరగతికి చెందిన కార్టిసోన్‌ను 1948లో హెంచ్ కీళ్లవాతానికి తొలిసారి వాడాడు. 1950లో కెండాల్, రైఖ్‌స్టైన్‌లతో కలిసి ఆయన నోబెల్ బహుమతి పొందాడు.

ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ 1%, డెక్సామెథాసోన్ 0.1%, లోటెప్రెడ్నాల్, డైఫ్లుప్రెడ్నేట్ ఎక్కువగా వాడుకలో ఉన్నవి. ఇవి అరాకిడోనిక్ ఆమ్లం విడుదలనే అడ్డుకుంటాయి. నెపాఫెనాక్ వంటి స్టెరాయిడేతర మందులు ఆ తరువాతి దశలో, ప్రోస్టాగ్లాండిన్ల తయారీని మాత్రమే ఆపుతాయి. అందుకే చాలామందికి రెండూ కలిపి వ్రాస్తారు.

వాడే పద్ధతి

సాధారణంగా మొదటి వారం రోజుకు 4 నుండి 6 సార్లు వేసి, తరువాత వారం వారం తగ్గిస్తూ 4 నుండి 6 వారాలలో ఆపుతారు. ఒక్కసారిగా మానితే శోథ తిరగబెట్టవచ్చు. ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ నీటిలో కరగదు, సన్నని పొడిగా అడుగుకు చేరుతుంది. సీసాను బాగా కుదపకపోతే కంట్లో పడేది దాదాపు నీరే. రెండు రకాల చుక్కల నడుమ 5 నిమిషాల వ్యవధి ఉండాలి.

ప్రమాదాలు

కొందరిలో ఈ మందు వలన కొన్ని వారాలలో కంటిలోని ఒత్తిడి పెరుగుతుంది. దీనికి నొప్పి ఉండకపోవచ్చు, కొలిస్తేనే తెలుస్తుంది. గ్లాకోమా ఉన్నవారిలో, వారి దగ్గరి బంధువులలో ఈ ముప్పు ఎక్కువ.

అంతకంటె పెద్ద ప్రమాదం మిగిలిన సీసాతో వస్తుంది. కోతల కాలంలో వరి ఆకో, వడ్లగింజో తగిలి కన్ను ఎర్రబడితే, ఇంట్లో ఎవరికో వ్రాసిన చుక్కలను వేసుకోవడం పల్లెల్లో కనిపించే అలవాటు. అటువంటి గాయంలో శిలీంధ్రం చేరి ఉంటే, స్టెరాయిడ్ కంటి రక్షణశక్తిని అణచివేస్తుంది. ఎరుపు తగ్గినట్లు కనిపిస్తూనే కార్నియా పుండు లోతుకు పాకుతుంది. హెర్పిస్ వైరస్ పుండుకూ ఇదే వర్తిస్తుంది. చికిత్స ముగియగానే సీసాను పారవేయాలి.

శస్త్రచికిత్స తరువాత నొప్పి పెరిగి, చూపు తగ్గితే అది మామూలు శోథ కాకపోవచ్చు. కంటి లోపల సూక్ష్మజీవులు చేరే ఎండాఫ్తాల్మైటిస్ తరచుగా మొదటి వారంలోనే కనిపిస్తుంది. దీనికి కంటిలోకి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వాలి. చుక్కల సంఖ్య పెంచి వేచి చూడకుండా అదే రోజు వైద్యునికి చూపించాలి.