పెట్రోలు కరవు - మన నిత్యప్రయాణము



రెండవ ప్రపంచయుద్ధ కాలమున మన జిల్లాలలో తిరిగిన బొగ్గు బస్సును గూర్చి మీలో పలువురు తమ తండ్రుల వలననో తాతల వలననో వినియే యుందురు. బస్సు వెనుకభాగమున నిలువెత్తు ఇనుప పీపా నొకదానిని బిగించి, అందులో కట్టెబొగ్గు పోసి, నిప్పు రాజేసి, దానినుండి వెడలు వాయువుతో ఇంజనును నడపిన కాలమది. నేడు పెట్రోలు ధర పెరిగినప్పుడెల్ల, "దీనికి బదులు మరియొకటి లేదా?" యను ప్రశ్న ప్రతి రచ్చబండ యొద్దను వినవచ్చుచున్నది. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. గడచిన ఎనుబది యేండ్లలో లోకము దీనికి పలువిధముల సమాధానము చెప్పి చూచినది. వానిలో ఏది నిలిచినదో, ఏది నిలువలేదో, ఎందుచేత నిలువలేదో తెలిసికొన్నచో మన గ్రామమునకు వలసినదేదియో మనకే బోధపడగలదు.

ముందుగా బొగ్గు బస్సు కథ చూతము. 1939లో యుద్ధము ఆరంభమైన పిమ్మట సముద్రముపై చమురు ఓడల రాకపోకలు కష్టమయ్యెను. 1941లో మన దేశమున పెట్రోలునకు రేషను పెట్టిరి. నాడు మనకు వచ్చు చమురులో చాలభాగము బర్మానుండి వచ్చుచుండెను. ఆ బర్మాలో రంగూను రేవునందును, బియ్యపు మిల్లులందును, చమురుశుద్ధి కర్మాగారములందును గోదావరి, విశాఖపట్టణము, గంజాము ప్రాంతముల తెలుగు కూలీలు వేలకొలది పనిచేయుచుండిరి. 1942 మార్చిలో జపాను సేనలు రంగూనును పట్టుకొనెను. ఆ మరుసటి నెలలో, శత్రువు చేతికి చిక్కకుండుటకై, ఐరావతీనది యొడ్డున నున్న చమురు బావులను బ్రిటిషువారే ధ్వంసము చేసిరి. ఆ యేడే లక్షలకొలది భారతీయులు కొండలును అడవులును దాటి కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. వారిలో మనవారు ననేకులు. వేలకొలది త్రోవలోనే ప్రాణములు విడిచిరి. మనకు చమురు రాక నిలిచిన కథయు, మనవారు ఇల్లు చేరుటకు పడిన కష్టముల కథయు ఒక్కటే.

పెట్రోలు లేని బస్సులకు దిక్కయినది కట్టెబొగ్గు. ఈ ఉపాయము యుద్ధమునకు ముందే యూరపు ఖండమున పుట్టినది. ఫ్రాన్సు దేశపు ఇంజనీరు జార్జి ఇంబేర్ 1920-30 సంవత్సరముల నడుమ కట్టెతో మోటారు నడపు కొలిమిని రూపొందించెను. ఆ కొలిమి పని చేయు విధ మిది. పీపాలోనికి గాలిని చాలీచాలకుండ పోనిచ్చినచో బొగ్గు పూర్తిగా మండక, మండగల వాయువొకటి పుట్టును. దానిని చల్లార్చి, మసిని వడగట్టి, ఇంజనులోనికి పంపుదురు. అయితే ఆ వాయువులో సగమునకు మించి మండని నత్రజనియే యుండును. అందుచేత ఇంజను బలము మూడవ వంతు మొదలు సగము వరకు తగ్గిపోవును. ఉదయము బస్సు కదలవలెనన్న క్లీనరు చాలసేపు పంకా త్రిప్పి నిప్పు రాజేయవలెను. ఎత్తు వచ్చినచోట ప్రయాణికులు దిగి నడువవలెను, ఒకప్పుడు తోయవలెను. మూసిన కొట్టములో ఆ వాయువును పీల్చినవారికి ప్రాణాపాయము సైతము కలుగును.

ఇన్ని కష్టములున్నను బొగ్గు బస్సు ఆనాడు మన ఊళ్లకును పట్టణములకును సంబంధము తెగిపోకుండ కాపాడినది. ఆ మేలును మరువరాదు. కాని దాని లెక్క కూడ చూడవలెను. ఒక లీటరు పెట్రోలు చేయు పనికి సుమారు కిలోన్నర బొగ్గు కావలెను. పాతపద్ధతి మట్టి బట్టీలలో ఒక కిలో బొగ్గు దిగవలెనన్న అయిదారు కిలోల కట్టె కాల్చవలెను. అనగా లీటరు పెట్రోలునకు బదులు ఎనిమిది, తొమ్మిది కిలోల కట్టె పోయినది. వంటచెరకునకును, నాగలికిని, ఇంటి దూలమునకును అక్కరకు వచ్చు అడవి మోటారునకు మేతయైనది. యుద్ధము ముగిసి పెట్రోలు దొరకగానే ఆ పీపాలను ఊడదీసి పారవేసిరి. స్వీడను దేశమున యుద్ధకాలమునందు డెబ్బదివేలకు మించిన వాహనములు కట్టెతోను బొగ్గుతోను నడచెను. అచ్చటను కొలది యేండ్లలోనే అవి దాదాపుగా మాయమయ్యెను.

ఆ ఉపాయ మేల నిలువలేదు? అది ఇంధనమును మార్చినదే గాని బండిని మార్చలేదు. దుబారా యెక్కడ నున్నదో ఒక చిన్న లెక్కవలన తెలియును. పెట్రోలు కాలగా పుట్టు శక్తిలో నాలుగింట ఒక వంతు మాత్రమే చక్రములకు చేరును. తక్కినది వేడిమియై గాలిలో కలియును. ఆ చేరిన వంతు కూడ కారు బరువును, మనిషి బరువును కలిపి మోయవలెను. తొమ్మిదివందల కిలోల కారులో అరువది కిలోల మనిషి ఒంటరిగా కూర్చున్నచో, నూరు పాళ్ల పెట్రోలులో రెండు పాళ్లయినను ఆ మనిషిని కదుపుటకు వినియోగము కావు. రెండు తట్టల గడ్డి కొరకు రెండెడ్ల బండి కట్టువాడు మన ఊరిలో నవ్వులపాలగును. కారు విషయమున మాత్ర మట్టి వానిని చూచి మనము గౌరవించుచున్నాము.

యుద్ధము ముగిసి దాదాపు ముప్పదియేండ్లు గడచిన పిమ్మట ఈ లెక్క లోకమునకు మరల జ్ఞప్తికి వచ్చినది. 1973 అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధము కారణముగా అరబ్బు దేశములు చమురు సరఫరాను తగ్గించెను. కొలది నెలలలో ముడిచమురు ధర దాదాపు నాలుగింతలయ్యెను. అప్పుడు అమెరికాలో తయారగుచున్న క్రొత్త కార్లు సగటున లీటరునకు ఆరు కిలోమీటర్ల ప్రాంతమున మాత్రమే నడచుచుండెను. పెద్ద బండియే పెద్దరికమని వారు తలచుచుండిరి. 1975లో ఆ ప్రభుత్వము చట్టము చేసి, 1985 నాటికి కార్ల సగటు లీటరునకు సుమారు పదునొకండున్నర కిలోమీటర్లు కావలెనని శాసించెను. కార్లు చిక్కినవి, ఇంజనులు మెరుగైనవి. కాని బరువు పనులకని తేలిక నిబంధనలు పెట్టిన ట్రక్కుజాతి బండ్లనే తరువాతి కాలమున జనులు ఇంటి వాడుకకు కొనసాగిరి. యంత్రము మారినను అలవాటు మారనందున, లభించిన మేలులో కొంత చేజారినది.

ఆ కరవు నాడే నెదర్లాండ్సు అను చిన్న దేశము వేరొక త్రోవ పట్టినది. 1973 నవంబరు 4వ తేదీ మొదలుకొని కొన్ని ఆదివారములు అచ్చట కార్లు నడపరాదని ఆజ్ఞ వెలువడెను. ఖాళీ రోడ్లపై జనులు సైకిళ్లతో తిరిగిరి. అంతకుముందే అచ్చటి తల్లిదండ్రులు రోడ్డు ప్రమాదములలో పిల్లలు మరణించుట చూచి ఆందోళన సాగించుచుండిరి. ఈ రెండును కలిసి, తరువాతి సంవత్సరములలో సైకిళ్లకు ప్రత్యేకమైన బాటలు వేయుటకు దారితీసెను. నేడు ఆ దేశమున జరుగు ప్రయాణములలో నాలుగింట ఒక వంతునకు మించి సైకిలుపైననే జరుగుచున్నవి. వారు ఇంధనమునో యంత్రమునో గాక త్రోవను మార్చిరి. అందుచేత చమురు మరల చవుకయైనను ఆ మార్పు నిలిచినది.

ఇక మన సంగతి. తెలుగునాట పదిమందికి ఒక్క బండి యను పద్ధతి నేటిది కాదు. 1932లో నైజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను రోడ్డు రవాణాశాఖను ఆరంభించిరి. 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యేర్పడినది. తరువాత జిల్లా జిల్లాకును ఎర్రబస్సు ప్రాకినది. పల్లెటూరి బిడ్డ కళాశాలకు పోయినను, గర్భిణి ఆసుపత్రికి చేరినను, రైతు విత్తనములు తెచ్చుకొన్నను ఆ బస్సువలననే.

బస్సు డీజిలును ఎక్కువ త్రాగుననుట నిజమే. లీటరునకు అయిదు కిలోమీటర్ల ప్రాంతమున నడచును. కారు పదునైదు, మోటారు సైకిలు ఏబది నడచుననుకొందము. పైకి చూడ బస్సే దుబారా. కాని ఏబదిమంది యెక్కిన బస్సు లీటరునకు ఏబది మందిని అయిదేసి కిలోమీటర్లు, అనగా ఒక మనిషిని 250 కిలోమీటర్లు మోసినట్లు. ఇద్దరెక్కిన మోటారు సైకిలునకు ఈ లెక్క 100. నలుగురెక్కిన కారునకు 60, ఒంటరివాని కారునకు 15 మాత్రమే. అదే బస్సులో అయిదుగురే యున్నచో లెక్క 25కు పడిపోవును. దుబారా యంత్రములో కంటె ఖాళీ సీటులో ఎక్కువగా నున్నదని దీనివలన తెలియుచున్నది.

ఇది కేవల గణితము కాదు. ఊరిలో శక్తిగలవా రొక్కొక్కరే సొంతబండి కొనుక్కొందురు. బస్సులో జనము పలుచబడును. ఆదాయము చాలదని డిపోవారు ఒక ట్రిప్పు తగ్గింతురు. వేళకు బస్సు లేదని మరి నలుగురు అప్పు చేసి బండి కొందురు. తుదకు బస్సే నిలిచిపోవును. అప్పుడు చిక్కుపడువారు బండి నడపలేని ముదుసళ్లు, చదువుకొను ఆడపిల్లలు, దినకూలీలు. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీ నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15వ తేదీ నుండియు స్త్రీలకు బస్సులలో ఉచిత ప్రయాణము ఏర్పాటైనది. ఆ సదుపాయము ఊరికి బస్సు వచ్చినప్పుడే గదా ఫలించుట!

దగ్గరి ప్రయాణములకు సైకిలును మించినది లేదు. పదునైదు కిలోల బండి అరువది కిలోల మనిషిని మోయును. నడకకు పట్టు శ్రమతోనే మూడు నాలుగింతల దూరము పోవచ్చును. బీహారు రాష్ట్రమున 2006 నుండి ఉన్నతపాఠశాలలో చేరిన బాలికలకు సైకిళ్ల కొరకు ధనమిచ్చుట మొదలుపెట్టగా, బడిలో చేరు బాలికల సంఖ్య గణనీయముగా పెరిగినదని పరిశోధకులు తేల్చిరి.

విద్యుత్తు బండ్లను గూర్చియు మీరడుగవచ్చును. వాని మోటారు తాను పుచ్చుకొన్న శక్తిలో అధికభాగమును చక్రమునకు చేర్చును. కనుక బొగ్గు బస్సుతో వానిని పోల్చుట న్యాయము కాదు. మన దేశము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించి పరదేశములనుండియే వచ్చుచున్నందున, విద్యుత్తు బండి మేలే చేయును. కాని బరువైన విద్యుత్తు కారులో ఒక్కడే కూర్చున్నచో ఆ మేలులో చాలభాగము వృథా యగును. ఇంధనము మార్చుటతో పని ముగియదని మన పెద్దల కాలపు బొగ్గు పీపా నేర్పిన పాఠ మిక్కడను వర్తించును.

పెద్దలు గ్రామమున చేయదగిన పనులు మూడు కలవు. బడివేళకును, సంతవేళకును, ఆసుపత్రి వేళకును బస్సు వచ్చునట్లు పంచాయతీ పక్షమున డిపో అధికారులకు వ్రాయుడు. వచ్చిన బస్సును నింపుటకు ఊరివారిని ఒప్పింపుడు. బడికి పోవు త్రోవలో ముండ్లు కొట్టించి, గోతులు పూడ్పించి, పిల్లల సైకిళ్లకు ఒక ప్రక్క చోటు విడిపింపుడు. సొంతబండి తప్పనివారు ఒక పనికి ముగ్గురు మూడు బండ్లపై పోక, కలిసి ఒక్క బండిపై పోవు అలవాటును మీ యింటినుండియే ఆరంభింపుడు. వీనిలో దేనికిని పట్నపు ఇంజనీరు రానక్కరలేదు. ఊరి మాట ఒక్కటైన చాలును.