కారంపూడిలో రాయబారం రాత్రి

"నాన్నా, పంబ పలకటంలా."

"మంచుకు తోలు మెత్తబడుంటది. మంట కాడికి తీసకపో. మరీ దగ్గర పెట్టమాక, పగిలిద్ది."

వీరుల గుడికి కాస్త ఎడంగా చితుకులు పోగేసి నెగడు వేసుకున్నారు. కుర్రాడు పంబజోడును ఒళ్ళో నిలబెట్టి ఒక్కో ముఖాన్నీ మంటకు చూపిస్తున్నాడు. అరచేత్తో తడుముతాడు, వేలితో తట్టి చెవి ఆనిస్తాడు, మళ్ళీ మంటకు తిప్పుతాడు. తోలు బిగిసేకొద్దీ మోత పైకి లేస్తోంది. పై పంబ దారికొచ్చింది. కింది పంబ ఇంకా మొండికేస్తోంది. అవతల మైకులో వాళ్ళ జట్టును పిలిచేశారు.

కార్తీక అమావాస్య వెళ్ళిన మరునాడు. పల్నాడు చేలల్లో పత్తి పగిలి ఉంది, మిరప పూత మీద ఉంది. కూలీలు దొరక్క రైతులు తలలు పట్టుకునే రోజులు. అయినా పల్నాటి వీరుల ఉత్సవం జరిగే ఆ ఐదు రోజులూ ఊళ్ళకు ఊళ్ళు కారంపూడి దారి పడతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు: రోజుకో పేరు, పేరుకో ఘట్టం. ఊరూరా పూజలో ఉంచుకున్న వీరుల ఆయుధాలను ఆచారవంతులు మోసుకొస్తారు. ఆయుధం కదలాలంటే పంబ మోగాలి. పంబ మోగించి కథ చెప్పేది వీరవిద్యావంతులు, మాల కులస్తులు. మన తండ్రీకొడుకులు ఆ విద్యలో పుట్టినవాళ్ళే. పేర్లు రాయొద్దన్నారు, రాయటం లేదు. ఆ రాత్రి సంగతి వాళ్ళు చెప్పిన మాటల నుంచి కూర్చి చెబుతున్నాను.

కుర్రాడికి ఆ సాయంత్రమే ఫోనొచ్చింది. పెళ్ళిళ్ళ బ్యాండులో డ్రమ్ము వాయించి సంపాదించుకునే మనిషి అతను. మార్గశిరం వచ్చేసింది, ముహూర్తాలున్నాయి, రమ్మన్నారు. ఐదు రోజులయ్యాక వస్తానన్నాడు. అయితే వేరేవాళ్ళను చూసుకుంటామన్నారు. ఆ మాట తండ్రికి చెప్పలేదు. చెప్పినా ఆయన వెళ్ళమని అనేవాడు కాదు, ఉండమని అనేవాడూ కాదు.

మొదలైంది. తండ్రి చేత కత్తి పట్టి నిలబడ్డాడు. వెనక తిత్తి ఊదుతున్నారు. ఆ శ్రుతి ఎక్కడా తెగకుండా సాగుతుంటే, దాని మీద తాళాలు, ఆ పైన పంబ. ఆ రోజు పాడాల్సింది అలరాజు కథ. కోడిపందెంలో ఓడి మాచర్ల వదిలి వెళ్ళినవాళ్ళు గడువు తీరాక తమ రాజ్యం తమకిమ్మని అడగాలి. అడగడానికి గురజాలకు అలరాజును పంపారు. అక్కడ కొలువులో కూర్చున్న నలగామరాజు ఎవరో కాదు, అతనికి పిల్లనిచ్చిన మామ. మాట చెల్లలేదు. తిరుగుదారిలో చర్లగుడిపాడు దగ్గర విషం పెట్టారు. భార్య పేరిందేవి ఒక పక్క తండ్రి, ఒక పక్క భర్త శవం చూసుకుని చితి ఎక్కింది.

ఈ కథ తెలియని మనిషి ఆ జనంలో లేడు. ఉత్సవం రోజుల వరసే అందుకు సాక్ష్యం. కథలో ముందు జరిగింది కోడిపందెం. మాచర్ల పక్షాన ఉన్న బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లును గురజాల పక్షాన ఉన్న నాగమ్మ పుంజు శివంగిడేగ ఓడించాకే వలస, ఆ తరవాతే మందపోరు, రాయబారం. ఉత్సవంలో మాత్రం రాయబారం రెండో రోజు, కోడిపోరు నాలుగో రోజు. కొత్తగా వెళ్ళినవాళ్ళకు తికమకగా ఉంటుంది. అక్కడి జనానికి ఆ ఇబ్బంది లేదు. ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి వాళ్ళు రాలేదు. ఈ ఏడు అలరాజును ఎవరు ఎలా సాగనంపుతారో వినడానికి వచ్చారు. సంగీతాన్ని ఇంతగా ఎరిగి వినే సభలు మన నగరాల్లో ఎన్ని ఉన్నాయి? నాకు కనిపించినవి తక్కువ.

అలరాజు విషం తాగే చోటికి వచ్చేసరికి ముందు వరసలో ఒకాయనకు ఒళ్ళు ఊగడం మొదలైంది. కళ్ళు నిలబడిపోయాయి. పక్కనున్నవాళ్ళు జరిగి చోటిచ్చారు. తండ్రి పాట ఆపలేదు, కొడుకు వైపు ఒక్క చూపు చూశాడు. కుర్రాడు వాయిస్తూనే నాలుగడుగులు వేసి ఆ మనిషి ఎదుటికి వెళ్ళాడు. ఊగుతున్న మనిషి కాళ్ళ మీద కన్నేసి, ఆ కాళ్ళు పడే వేగాన్ని పంబలోకి తీసుకున్నాడు. కాసేపు అదే ఉరవడి. తరవాత తెలిసీ తెలియకుండా నడక తగ్గిస్తూ వచ్చాడు. కాళ్ళు పంబ వెంట వచ్చాయి. ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డాక, భుజం పట్టి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. ఈ విద్యకు పుస్తకం లేదు. మనిషి ఊపిరిని చూసి దరువు మార్చగలిగినవాణ్ణి నేను పెద్ద విద్వాంసుడనే అంటాను.

పాట దిగాక వేడి టీ తాగి కుర్రాడు జనంలో కలిసిపోయాడు. గాజుల దుకాణాలు, జీళ్ళు, ఖర్జూరాలు, రంగులరాట్నం అన్నీ దాటుకుని మరో జట్టు పాడుతున్న చోట కూర్చున్నాడు. వాయించే కుర్రాళ్ళకు అసలు సంబరం అక్కడే. ఏడాదంతా ఎవరి ఊళ్ళో వాళ్ళు ఉంటారు, ఒకరినొకరు వినే వీలుండదు. ఈ ఐదు రోజులే ఎవరి చేయి ఎంత తిరిగిందో బయటపడేది. ఆ జట్టులో పంబ పట్టింది ఒక పెద్దాయన. చిటారు దరువు నుంచి కింది పంబలోకి దిగేటప్పుడు మధ్యలో ఒక దెబ్బ ఎగ్గొడుతున్నాడు. ఆ ఖాళీలో గాయకుడి మాట గుండెకు తగులుతోంది. కుర్రాడు తొడ మీద వేళ్ళతో అదే వేసుకుంటూ తెల్లవారుజాము దాకా కదల్లేదు.

ఇంగ్లండులో ఒక పాడి రైతు పొలంలో 1970లో మొదలైన గ్లాస్టన్‌బరీ సంబరం గురించి మన కుర్రకారుకు తెలుసు. అరుణాచల్‌లో వరిచేల మధ్య 2012 నుంచి జరుగుతున్న జీరో ఉత్సవానికి ఇక్కడి నుంచీ వెళ్ళివస్తున్నారు. వెళ్ళాలి కూడా. అదే ప్రేమతో కారంపూడికీ రావాలని నా కోరిక. ఇక్కడ పాడే పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని శ్రీనాథుడు ద్విపదలో రాశాడంటారు. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని 1911లో అచ్చు వేయించారు. అయితే విద్యావంతుల నోట ఉన్న కథ అంతకంటే ఎంతో పెద్దది. ఆలిసెట్టి గాలెయ్య పాడగా జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు రికార్డు చేసుకుని, ఇంగ్లీషు చేసి 1982లో పుస్తకం తెచ్చాడు. గాయకుడి పేరు ప్రపంచానికి తెలిసింది. మిగతా జట్ల పాటనూ వాళ్ళ వాళ్ళ పేర్లతో, వాళ్ళకు తగిన పారితోషికమిచ్చి మనమే భద్రం చేయాలి. ముసలివాళ్ళు వెళ్ళిపోతున్నారు.

మూడో రోజు మందపోరు. చాపకూడు వడ్డించారు. కులం అడగకుండా ఒక్క పంక్తిలో కూర్చుని తినడం బ్రహ్మనాయుడు పెట్టిన ఆచారమని చెబుతారు. మాల కన్నమదాసును పెద్దకొడుకుగా చేసుకున్న మనిషి ఆయన. తండ్రికి ఆ ఘట్టం పాడేటప్పుడు గొంతు వేరే అవుతుంది. బడి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన తన తాత సంగతి గుర్తొస్తుందని ఆయన చెప్పాడు. ఆ పూట భోజనాలయ్యాక ఆయన కన్నమదాసును పాడుతుంటే, కొడుకు కింది పంబలోకి దిగుతూ ఒక దెబ్బ ఎగ్గొట్టాడు.

తండ్రి తల తిప్పి చూశాడు. పాట పూర్తయ్యేదాకా ఏమీ అనలేదు. తిత్తి కింద పెట్టాక అడిగాడు.

"యాడ పట్టావురా అది?"

"రాయబారం రాత్రి పెద్దాయన కాడ, నాన్నా."

"ఆయన కాడికెళ్ళి దణ్ణం పెట్టి చెప్పిరా. చెప్పాక, రేపు కోడిపోరులో కూడా వెయ్యి. కానీ చిట్టిమల్లు పడేచోట వద్దు, ఆడ నాకు ఊపిరాడదు."

కుర్రాడు పెద్దాయన జట్టు దిగిన చోటు వెతుక్కుంటూ వెళ్ళాడు.