పంతులుగారి అమ్మకపు చదువు

మనలో "అమ్ముకోవడం" అన్న మాటకి ఎందుకో మంచి పేరు లేదు. కొనుక్కోవడం దర్జా, ఇవ్వడం పుణ్యం, అమ్ముకోవడం మాత్రం గతిలేక చేసే పని! ఆవకాయ ఎంత బాగా పెట్టే ఇల్లాలయినా పది ఇళ్లకి ఊరికే పంచిపెడుతుంది గాని, "సీసా ఇంత" అని చెప్పమంటే నోరు పెగలదు. మరీ బలవంతపెడితే, "మీకు తోచింది ఇవ్వండి" అంటుంది. ఆ తోచిందాంట్లో నూనె ఖర్చు కూడా రాదు.

నేనూ బి.ఏ. చదివినదాన్నే. అశోకుడి శాసనాలు చెప్పారు, అక్బరు పన్నుల విధానం చెప్పారు. అమ్మడం కూడా ఒక విద్యేననీ, దానికీ ఓనమాలుంటాయనీ ఎవరూ చెప్పలేదు. అది ఎలా నేర్చుకుంటారో చూద్దామని మన చరిత్రలో వెదికితే, నాకు ముందుగా తగిలిన మనిషి కూడా బి.ఏ.నే. ఆయన సరుకు మీ ఇంట్లో ఏ గూట్లోనో, దేవుడి అలమర పక్కనో ఉండే ఉంటుంది. సరుకు అమృతాంజనం. మనిషి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టారాయన. బందరులో చదివి, 1891లో మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో బి.ఏ. అంటే సామాన్యమా? సర్కారు కొలువు ఎదురొచ్చి పిలుస్తుంది. ఊళ్లో పెద్దలంతా అరుగుమీద నుంచి లేచి నిలబడతారు. అలాంటి పట్టా పట్టుకుని ఆయన మందుల వ్యాపారం నేర్చుకోవడానికి కలకత్తా వెళ్లారు. అక్కణ్ణుంచి బొంబాయి వెళ్లి, విలియం అండ్ కంపెనీ అనే సంస్థలో ఉద్యోగిగా చేరారు. పట్టా ఉంది కదా అని తిన్నగా యజమాని కుర్చీ ఎక్కాలని చూడలేదు. ఒకరి కింద పనిచేసి, లోగుట్టంతా తెలుసుకుని, చివరికి ఆ కంపెనీకే సొంతదారు అయ్యారు.

1893లో ఆ బొంబాయిలోనే అమృతాంజనం పుట్టింది. తలనొప్పికి రాసుకునే పసుపుపచ్చని లేపనం. మరి కొనేదెవరు? ఊరు కొత్త, భాష వేరు, సరుకు పేరు ఎవరూ వినలేదు. మందంటే చీరలా రంగు చూసి కొనేది కాదు, పండులా నొక్కి చూసి కొనేదీ కాదు. నమ్మకం కుదిరితేనే కొంటారు. వాడితే గాని నమ్మకం కుదరదు. కొంటే గాని వాడరు. ఈ చిక్కుముడి విప్పడంలోనే ఉంది ఆయన గొప్పతనం. సంగీత కచేరీలు జరిగేచోట అమృతాంజనం ఊరికే పంచిపెట్టారు!

కచేరీలే ఎందుకో ఆలోచించండి. గంటల తరబడి జనం మధ్య కూర్చుంటే, త్యాగరాజ కీర్తన ఎంత హాయిగా ఉన్నా కణత కాస్త పట్టకమానదు. ఒకరు రాసుకుంటే ఆ ఘాటు పక్క నాలుగు వరసలకీ తెలుస్తుంది. "ఏమిటండీ అది?" అని అడగనివాళ్లుండరు. తలనొప్పి తగ్గినవాడు ఇంటికెళ్లి భార్యకి చెప్తాడు, ఆవిడ పక్కింటావిడకి చెప్తుంది. ఇంక చాటింపు ఎందుకూ? పంతులుగారు ఇవన్నీ లెక్క వేసుకున్నారో లేదో గాని, నాకు మాత్రం ఆ ఎంపికలో మనుషుల్ని దగ్గరగా చూసిన కన్ను కనిపిస్తుంది.

ఇదంతా పెద్ద కంపెనీల ఎత్తుగడ అనుకునేరు! మొయినాబాద్ పక్కన మా హిమాయత్‌నగర్‌లో, చేవెళ్ల వెళ్లే దారిలో జామకాయలు అమ్మే ఒకావిడ నాకు తెలుసు. ధర అడిగితే ముందు ధర చెప్పదు. చాకుతో చక్రం ముక్క కోసి, ఉప్పూకారం అద్ది చేతిలో పెడుతుంది. "ముందుగాల తిని చూడక్కా, మంచిగుంటెనే తీస్కో" అంటుంది. తిన్నాక ఎవరు వదిలిపోతారు? కొత్తకోడలిగా వచ్చినప్పుడు అత్తగారి గంప వెనక కూర్చుని చిల్లర ఎంచి ఇవ్వడమే ఆవిడ పనట. ఎవరు బేరమాడి కొంటారో, ఎవరు ఊరికే బేరమాడతారో అక్కడే నేర్చుకుంది. ఇప్పుడు మొత్తం బేరం ఆవిడదే. అత్తగారే చిల్లర ఎంచుతుంది!

చేతిలో పెట్టడం వేరు, ధర చెప్పకపోవడం వేరు. మన ఆవకాయ ఇల్లాలు మొదటిది చేసి ఆగిపోతుంది. పంతులుగారు మచ్చు ఊరికే ఇచ్చారు గాని సీసా ఊరికే ఇవ్వలేదు. అందుకే ఆ అణాలు పోగై రూపాయలయ్యాయి. ఆ రూపాయలు ఏమయ్యాయో చూడండి. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలైంది. 1914లో మద్రాసు చేరి దినపత్రికయింది. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. 1926లో ఆంధ్రగ్రంథమాల మొదలుపెట్టి మంచి పుస్తకాలు సామాన్యులకి అందే వెలకి అచ్చువేశారు. తెలుగువాడి తలకి బయట లేపనం, లోపల చదువు, రెండూ ఆయనే సరఫరా చేశారన్నమాట.

ఇలాంటి కథే సింగపూరులోనూ ఒకటుంది. టైగర్ బామ్ అమ్మిన ఆ బూన్ హా అనే ఆయన 1929లో అక్కడ చైనా భాషలో దినపత్రిక పెట్టారు. నొప్పి తగ్గించే మందుతో వచ్చిన డబ్బు వార్తాపత్రికకి పెట్టడం ఆయనకీ తోచింది. మన పంతులుగారికి అంతకు 21 ఏళ్ల ముందే తోచింది!

జాతీయోద్యమంలో దిగి జైలుకి కూడా వెళ్లారు పంతులుగారు. జనం ఆయన్ని దేశోద్ధారక అన్నారు, విశ్వదాత అన్నారు. 1937లో రాయలసీమ, కోస్తా నాయకులు కూర్చుని శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నది మద్రాసులో ఆయన ఇంట్లోనే. ఆ మరుసటి సంవత్సరం, 1938లో ఆయన పోయారు. అంతకు రెండేళ్ల ముందే అమృతాంజనం లిమిటెడ్ కంపెనీ అయింది. ఆయన తర్వాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు పత్రికనీ కంపెనీనీ నడిపారు. ఆంధ్రపత్రిక, భారతి 1991లో ఆగిపోయాయి. అమృతాంజనం మాత్రం ఇవాళ్టికీ దుకాణాల్లో దొరుకుతూనే ఉంది.

నాకు ఇందులో నచ్చిందేమిటంటే, అమ్ముకోవడం చిన్నతనమని ఆయన ఒక్కనాడూ అనుకోలేదు. ఆనాడు సిగ్గుపడి ధర చెప్పకపోయి ఉంటే, విశ్వదాత దగ్గర దానం చెయ్యడానికి దమ్మిడీ ఉండేది కాదు. ఇచ్చే చెయ్యి పెద్దదవ్వాలంటే, ముందు అడిగే నోరు పెగలాలి.

అంచేత ఈసారి ఎవరైనా "వదినా, నీ ఆవకాయ భలే ఉంటుందే!" అంటే, ఓ చెంచాడు ఊరికే రుచి చూపించండి. తర్వాత మిరపకాయలు, ఆవాలు, నూనె, మీ నడుంనొప్పి, అన్నీ లెక్కవేసి, తలెత్తి సీసా ధర చెప్పండి. లెక్క కట్టేటప్పుడు తలనొప్పి వస్తుందంటారా? దానికి మందు గూట్లోనే ఉందిగా!