పరికిణీ నుండి పాఠశాల స్కర్టు వరకు

వేలూరు జిల్లా అనైకట్టు తాలూకాలో, జవ్వాది కొండల చేరువను ఒడుగత్తూరు కలదు. దానికి ఉత్తరమున, లుంగీల నేతకు పేరుగన్న గుడియాత్తము కలదు. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు ఉత్తరార్కాటునుండి తెలుగు తాలూకాలు విడివడినను, ఈ ప్రాంతమున తెలుగు కుటుంబములు పెక్కులు నిలిచిపోయినవి. ఇండ్లలో ఆడపిల్లలకు చిన్ననాట పరికిణీ, ఈడేరిన పిమ్మట ఓణీ వాడుక. తమిళులు వీనినే పావాడై, తావణి యందురు. పేర్లు వేరైనను కుట్టు ఒక్కటే.

ఆ కుట్టులోని నేర్పు గమనింపదగినది. నడుము పట్టీలో బొందు దూర్చుటచే పిల్ల చిక్కినను, బలిసినను పరికిణీ సరిపోయెడిది. అడుగున రెండు మూడు మడతలు వేసి కుట్టి, పిల్ల యెదిగినకొలది ఒక్కొక్క మడత విప్పెడివారు. ఒక వస్త్రము ఏండ్ల తరబడి వచ్చెడిది. దర్జీకి కొలతలు చెప్పుటకంటె పాత బట్టను ఆదిగా నిచ్చుటయే పరిపాటి.

పాఠశాలలు వ్యాపించినకొలది సమదుస్తుల ఆవశ్యకత హెచ్చినది. 1954లో గుడియాత్తము ఉపయెన్నికలో గెలిచి శాసనసభ కేగిన కామరాజు పాలనలో, 1956లో మధ్యాహ్న భోజన పథకము ఆరంభమైనది. విద్యాశాఖ సంచాలకుడు సుందరవడివేలు 1958నుండి నడపిన పాఠశాలాభివృద్ధి సభలు ప్రజల విరాళములను బడులకు మరల్చినవి. పేద, ధనిక భేదము బట్టలయందు కానరాకుండుట సమదుస్తుల ఉద్దేశము. 1985లో తమిళనాడు ప్రభుత్వము ఉచిత దుస్తుల పథకము నారంభించినది. 2012-13నుండి ఏటికి నాలుగు జత లిచ్చుట మొదలైనది. కుట్టుపని మహిళా సహకార సంఘములకు జీవనాధారమైనది.

అయితే, సంచాలు మారగా పాత నేర్పు మరుగుపడినది. స్కర్టునకు బొందు పోయి కొక్కెము వచ్చినది. మడతలు పోయి కుచ్చులు వచ్చినవి. కొలతకు వయస్సే ప్రమాణమైనది. కాని పదుమూడేండ్ల బాలిక లిద్దరిలో ఒకతె ఎదుగుదల ముగియవచ్చియుండును, వేరొకతెకు అప్పుడే మొదలై యుండును. ముందు పొడవు పెరుగును, పిదప తుంట్లు విస్తరించును. నడుము అంతగా మారదు. అందుచే నడుమునకు సరిపోయినది తుంట్ల కడ బిగియును. తుంట్లకు సరిపోయినది నడుమున జారును. నూలుబట్టను తడిపి ఆరబెట్టక కుట్టినచో మొదటి ఉతుకుతోనే కురుచ యగును. అట్టి దుస్తు ధరించిన పిల్ల లేచి జవాబు చెప్పుటకు జంకును, ఆటకు దూరమగును. ఇది బట్టకు సంబంధించిన చిన్న విషయము కాదు, చదువునకు సంబంధించినది.

భారతీయుల దేహపరిమాణములను నిర్ణయించుటకై జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ చేపట్టిన ఇండియాసైజ్ సర్వేలో హైదరాబాదుతో కూడి ఆరు నగరములు చేరినవి. అది 15నుండి 65 ఏండ్ల వయస్సువారికి ఉద్దేశింపబడినది. పదునొకండునుండి పదునాలుగేండ్ల బాలికలు దాని పరిధికి వెలుపల నుండిపోయిరి.

ఆంధ్రప్రదేశమున 2020లో ఆరంభమైన విద్యాకానుక వేరుమార్గము త్రొక్కినది: గుడ్డ నిచ్చి, కుట్టుకూలిని తల్లులకు చెల్లించినది. పిల్ల నెరిగిన దర్జీ ఆ గుడ్డను కుట్టెను.

రెండు విధానములకును పూర్వుల నేర్పు తోడ్పడగలదు. తుంట్ల కొలతకు కుట్టి, నడుమును బొందుతోనో ఎలాస్టిక్కుతోనో సరిపెట్టుట, పక్క కుట్లలో గుడ్డ విడుచుట, అడుగున వెడల్పైన మడత యుంచుట, ఏటికొకమారు పిల్లలను కొలుచుట — ఇంతమాత్రమే చాలును. పిల్లను బట్టి బట్ట యుండవలెను గాని, బట్టను బట్టి పిల్ల యుండరాదు.