విశాఖ నౌకాశ్రయం - ఇసుకతో పోరాటం

మన తూర్పు తీరం పొడవైనదే కాని, ఓడలకు సహజంగా ఆశ్రయమిచ్చే చోట్లు దానిమీద బహు తక్కువ. నదులు తెచ్చే ఒండ్రు, కెరటాలు తెచ్చే ఇసుక రేవుల ముఖద్వారాలను పూడ్చివేస్తూ ఉంటాయి. ఒకనాడు దేశదేశాల్లో పేరుమోసిన కోరంగి రేవు గోదావరి మేటల మూలాన ఓడలకు పనికిరాకుండా పోయింది. ఇటువంటి తీరం మీద విశాఖపట్నం రేవు ఎట్లా ఏర్పడినది? ఎట్లా నిలిచి ఉన్నది?

పూర్వచరిత్ర

విశాఖకూ భీమునిపట్నానికీ మధ్య, సముద్రానికి ఎదురుగా తొట్లకొండ, బావికొండ అనే గుట్టలున్నవి. వాటిమీద బౌద్ధ విహారాల శిథిలాలు బయటపడినవి. తొట్లకొండ త్రవ్వకాలలో రోమను వెండి నాణేలు కూడా దొరికినవి. ఈ ప్రాంతానికి సముద్ర వర్తకంతో ఎంత పాత సంబంధమున్నదో దీనివల్ల తెలుస్తున్నది.

17వ శతాబ్ది చివరి భాగంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు విశాఖలో వర్తకస్థానం నెలకొల్పారు. కాని ఆనాడు ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. దూరంగా లంగరు వేసి నిలిచేవి. సరకులను మసూలా పడవలమీద చేరవేసేవారు. ఈ పడవల పలకలను మేకులతో బిగించక, కొబ్బరి పీచు త్రాళ్ళతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ కెరటాల దెబ్బకు పగులుతుంది. కుట్టిన పడవ కొద్దిగా వంగి ఆ దెబ్బను ఓర్చుకుంటుంది.

1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకాధిపతి లినోవా మూడు యుద్ధనౌకలతో వచ్చి, ఇక్కడ లంగరు వేసి ఉన్న సెంచూరియన్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకపై దాడిచేశాడు. సెంచూరియన్ లోతు తక్కువైన తీరానికి దగ్గరగా జరిగింది. లినోవా పెద్ద ఓడ దానిని సమీపించలేకపోయింది. వర్తకానికి అడ్డమైన మెరక నీరే ఆనాడు రక్షణ అయింది!

రేవు నిర్మాణం

పట్నానికి దక్షిణాన డాల్ఫిన్ నోస్ అనే కొండ సముద్రంలోనికి చొచ్చుకొని ఉన్నది. ప్రక్కనుంచి చూస్తే డాల్ఫిన్ మూతివలె కనిపించడంవల్ల ఆ పేరు వచ్చింది. నైరుతి గాలులకూ, కెరటాలకూ ఇది పెట్టని కోట. దీని వెనుక ఒకప్పుడు పోటునీరు ప్రవేశించే చిత్తడి నేల ఉండేది. ఇంజనీర్లు ఆ చిత్తడిని త్రవ్వి లోతుచేసి, సముద్రం నుంచి లోపలికి కాలువ తీశారు. త్రవ్విన మట్టితో పల్లపు నేలలను మెరక చేశారు. మధ్య పరగణాల సరకు సముద్రానికి చేరడానికి రాయపూరు - విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తి అయినది. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ రేవులో ప్రవేశించింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభోత్సవం జరిపాడు. 1948 మార్చి 14న ఇక్కడి నౌకానిర్మాణశాలలో తయారైన జల ఉషను నెహ్రూ జలప్రవేశం చేయించారు. పెద్ద ఇనుపఖనిజపు ఓడల కోసం 1976లో బయటి రేవు వచ్చింది. మొదట మూడు బెర్తులున్న ఈ రేవు 2022-23లో ఏడుకోట్ల టన్నులకు పైగా సరకును ఎగుమతి దిగుమతులు చేసింది.

ఇసుక నడక

నైరుతి ఋతుపవన కాలంలో కెరటాలు దక్షిణం నుంచి వచ్చి ఒడ్డును ఏటవాలుగా తాకుతవి. కెరటంతోపాటు ఇసుకరేణువు ఏటవాలుగా పైకి ఎక్కుతుంది. నీరు వెనుకకు పోయేటప్పుడు నేరుగా క్రిందికి జారుతుంది. మరల మరొక కెరటం దానిని ఎత్తుతుంది. ఇట్లా రంపపు పళ్ళవలె వంకరటింకరగా రేణువు ఉత్తరానికి నడుస్తుంది. ఈశాన్య ఋతుపవనంలో ఈ నడక దక్షిణానికి తిరిగినా దాని బలం తక్కువ. అందువల్ల ఏటేటా లక్షల టన్నుల ఇసుక ఈ తీరం వెంట ఉత్తరానికి పోతున్నది.

రేవు ముఖద్వారం ఈ ఇసుక బాటకు అడ్డంగా ఉన్నది. ఇసుక నిలిస్తే కాలువ పూడుతుంది. దానిని ఆపుటకై మొదట రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వేశారు. బయటి రేవుకు పెద్ద బండరాళ్ళ గోడలు కట్టారు. కాని దక్షిణాన ఆగిన ఇసుక ఉత్తరాన రామకృష్ణా బీచికి అందదు. అక్కడి కెరటాలు ఉన్న ఇసుకను తీసుకొని పోతాయే కాని, తిరిగి నింపవు. తీరం కోసుకుపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు ఈ కోత మరింత పెరిగింది. కనుకనే దక్షిణాన చేరిన ఇసుకను త్రవ్వి, ఉత్తరపు ఒడ్డున పోస్తూ ఉండవలసి వచ్చింది.

చూడదగిన చోట్లు

రేవు కాలువ ప్రక్కన మూడు గుట్టలున్నవి. వాటిమీద వేంకటేశ్వరాలయం, దర్గా, చర్చి వెలసినవి. చర్చి ఉన్న రాస్ కొండపై నిలబడితే కాలువలో పోయే ఓడలు కనిపిస్తవి. డాల్ఫిన్ నోస్‌కు ఆవల యారాడ తీరం మనోహరమైనది. భీమునిపట్నం దారిలోని ఎర్రమట్టి దిబ్బలు కూడా ఇసుక కథలోనివే. హిమయుగంలో సముద్రం వెనుకకు తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఎగురవేసి ఇక్కడ కుప్పపోసినదనీ, అందులోని ఇనుము ఆమ్లజనితో కలిసి ఎరుపెక్కినదనీ శాస్త్రజ్ఞులు వివరిస్తారు.

ఉపాధ్యాయులు విద్యార్థులను ఒడ్డుకు తీసుకొని వెళ్ళి, నీటిలో ఒక కర్రముక్కను వేయించి అది ఎటు కదులుతున్నదో గమనింపజేయవచ్చు. మూలపేట, మచిలీపట్నం, రామాయపట్నాలలో 2022-23 సంవత్సరాలలో కొత్త రేవుల పనులు మొదలైనవి. విశాఖ అనుభవం వాటికి చెప్పేది ఒక్కటే: ఇసుకను ఒకచోట ఆపినవారు, దాని ప్రక్క ఊరి తీరాన్ని కూడా కాపాడవలసి ఉంటుంది.