వృద్ధుల ఇళ్ల పరస్పర మార్పిడి: పాటించవలసిన చట్టపరమైన జాగ్రత్తలు

వయసు పైబడినవారు ఆసుపత్రికో, సంతానానికో చేరువగా ఉండేందుకు ఒక ఊరిలోని సొంత ఇంటిని ఇచ్చి మరో ఊరిలోని ఇంటిని పుచ్చుకోవడం చట్టసమ్మతమే. అయితే రోలుగుంట వంటి గ్రామీణ మండలంలో ఉన్న ఒక్క ఇంటిని పెద్దమనుషుల మాటపై, తెల్లకాగితంపై మార్చుకుంటే వృద్ధాప్యంలో నిలువ నీడ కోల్పోయే ప్రమాదం ఉంది.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 118వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి మార్పిడికి విక్రయ విధానమే వర్తిస్తుంది. 100 రూపాయలు, ఆపై విలువ గల ఆస్తికి రిజిస్టరు దస్తావేజు ఉండితీరాలి. స్టాంపు సుంకాన్ని రెండింటిలో ఎక్కువ విలువ గల ఆస్తిపై లెక్కిస్తారు. వేరే ఒప్పందం లేనిపక్షంలో ఇరుపక్షాలు దానిని సమానంగా భరించాలి. అనారోగ్యంతో కదలలేనివారి విషయంలో అధికారి స్వయంగా ఇంటికి వెళ్లేందుకు లేదా కమిషన్ జారీ చేసేందుకు రిజిస్ట్రేషన్ చట్టం, 1908లోని 38వ సెక్షన్ వీలు కల్పిస్తోంది.

హక్కుల పరిశీలన

పంచాయతీ ఇంటిపన్ను రసీదు యాజమాన్య హక్కుకు రుజువు కాదు. ఈసీ, లింకు దస్తావేజులు, బ్యాంకు రుణాలు, 22-ఏ నిషేధిత జాబితా పరిశీలించాలి. స్థలం ప్రభుత్వం ఇచ్చిన పట్టా అయితే 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వర్తిస్తుందేమో చూడాలి. పిత్రార్జితమైతే వాటాదారులందరూ సంతకం చేయాలి. కొయ్యూరు వంటి ఏజెన్సీ మండలాలలోని ఆస్తిని గిరిజనేతరులకు బదిలీ చేయడం 1959 నాటి భూబదలాయింపు నిబంధనల ప్రకారం చెల్లదు. మార్పిడి కూడా ఈ నిషేధం పరిధిలోనిదే.

రోలుగుంట 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది. పాత పత్రాలలో విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది కనుక కొత్త దస్తావేజులో ఆ మార్పును పేర్కొనడం మంచిది.

లోపం బయటపడితే

అవతలి పక్షం హక్కులోని లోపం వల్ల పుచ్చుకున్న ఇల్లు చేజారితే, 119వ సెక్షన్ కింద నష్టపరిహారం గానీ, తామిచ్చిన ఇంటిని తిరిగి గానీ కోరవచ్చు. అయితే ఆ ఇల్లు అప్పటికే మూడో వ్యక్తికి విక్రయమై ఉంటే తిరిగి పొందడం సాధ్యం కాదు, పరిహారమే మిగులుతుంది. ముందస్తు పరిశీలన అవసరం ఇందువల్లనే.

సంతానంతో మార్పిడి

పోషణ బాధ్యతను దస్తావేజులోనే షరతుగా రాయించాలి. ఆ షరతును ఉల్లంఘిస్తే తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లోని 23వ సెక్షన్ కింద బదిలీ రద్దు కోరుతూ ఆర్డీవో అధ్యక్షతన గల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు.

ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో మార్పిడి కూడా బదిలీయే. రిజిస్ట్రేషన్ పూర్తయిన తరువాతనే ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించాలి. అనంతరం పంచాయతీ రికార్డులలోను, విద్యుత్ కనెక్షన్‌లోను పేర్లు మార్పించుకోవాలి.